చెయ్యి లేపని గీత

ఆశ్వయుజ బహుళ దశమి

మూడిళ్ళకు కలిపి ఒక ముడి. ముడికి ఒక చిట్టా ఉండాలని చలిపేట కమిటీ నియమం. మా ముడిలో ఆ పని నాది. వేడి, నూనె, మరమ్మతులు తప్ప సొంత సంగతులు రాయకూడదని అట్ట మీదే అచ్చువేశారు. ఇంతవరకు నేను రాయలేదు.

వేడి: మా ఇల్లు ఇరవై డిగ్రీలు. సత్యవేణి ఇల్లు ఇరవై. ఖాళీ ఇల్లు ఇరవై. భూమిలోంచి వచ్చే వేడినీళ్ళు మూడిళ్ళ గోడల్లోనూ సమంగా తిరుగుతున్నాయి. పీత వచ్చి గొట్టాలన్నీ తడిమి వెళ్ళింది. దానికి కమిటీ పెట్టిన పేరు వేరే ఏదో ఉంది గాని, ఆరు కాళ్ళతో అడ్డంగా నడిచే యంత్రాన్ని గోదారి ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళం ఇంకేమంటాం?

వచ్చే వారం ఖాళీ ఇంట్లోకి మనిషి దిగుతుందట. పేరు తూరా. ఈ ఉత్తరపు ఒడ్డునే పుట్టి పెరిగిన మనిషి, నేతపని చేస్తుంది, ఒంటరిది. ఆ ఇల్లు ఊడ్చి పెట్టాను. మూడు గుమ్మాలూ తెరుచుకునే నడవలో, మధ్య రాతి మీద ఉన్న ముడి గుర్తు రంగుపోయి కనిపించీ కనిపించకుండా ఉంది. మూడు త్రిభుజాలు ఒకదానిలోంచి ఒకటి దూరినట్టుండే గుర్తు. ఒక్కో మూల ఒక్కో గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది. కొత్త మనిషి వచ్చాక ముగ్గురాడవాళ్ళూ కలిసి వేసుకోవాలంటారు. వచ్చేవాళ్ళకు కుంచె పట్టుకోవడం వచ్చో రాదో. సత్యవేణికి చెయ్యి వణుకు. అందుకని నేనే కూర్చుని వేసేశాను.

మా అమ్మ నేర్పిన మెలికల ముగ్గు పద్ధతిలోనే వేశాను. మొదలుపెట్టిన చుక్కకు తిరిగి చేరేదాకా చెయ్యి లేపకూడదు. సత్యవేణి గుమ్మం వైపు మొదలుపెట్టాను. ఈ ఊరు వచ్చాక నాకు ఏ పనైనా అటునుంచే మొదలవుతుంది. ప్రదక్షిణంగా కొత్తావిడ గుమ్మం మీదుగా తిప్పి, మా గుమ్మం దాకా తెచ్చి, మొదటి చుక్కలో కలిపాను. ఎక్కడా అతుకు లేదు.

"రాతి మీద కూడా చెయ్యి లేపలేదా ఒదినా!" అంది సత్యవేణి. "నీ చేతికి దిష్టి తియ్యాలి."

ఎరుపు రంగు అర డబ్బా ఖర్చు.

కార్తీక శుద్ధ విదియ

తూరా దిగింది. పొడుగు మనిషి, నెరిసిన జడ. మగ్గం విప్పి ఆరు మోపులుగా తెచ్చుకుంది. మెడలో గింజంత పరికరం ఒకటి ఉంది. ఆవిడ తన భాషలో అన్నదాన్ని అది తెలుగులో చెబుతుంది, మన మాటను ఆవిడకు చెబుతుంది. ఏ కాలపు పుస్తకాలు చదివి నేర్చుకుందో గాని, "నమస్కారము. మీ పొరుగున నివసించు భాగ్యము నాకు కలిగినది" అంది.

సత్యవేణి పొట్ట పట్టుకుంది. "ఆయ్, మా తాతగారి పెళ్ళి శుభలేఖ లేచొచ్చి మాట్టాడతన్నట్టుందొదినా!"

అంతగా నవ్వడం నేను చూసి చాలా రోజులైంది. నేనూ హాస్యాలాడతాను. దానికి మూతి తిప్పి "పోదూ" అంటుంది.

తూరా నడవలో రాయి దగ్గర ఆగి చాలాసేపు చూసింది. "అతి సుందరమైన రేఖ. మా మాతామహి దీనిని మూడుగా నేసెడిది. ఇది..." అంటూ ఉండగా, పులుసు చల్లారిపోతోందని లోపలికి పిలిచేశాను. కాలు పెట్టిన పూటే వంకలు వినడం నాకిష్టం లేదు.

వేడి: మా ఇల్లు పద్దెనిమిది. గొట్టంలో గాలి చేరి ఉంటుంది.

కార్తీక శుద్ధ ఏకాదశి

వేడి: సత్యవేణి ఇల్లు ఇరవై నాలుగు, తూరా ఇల్లు ఇరవై, మా ఇల్లు పదహారు.

రెండుసార్లు చూశాను. వేడిమాపు బాగానే ఉంది. వాళ్ళిళ్ళ గోడల మీదివి కూడా బాగానే ఉన్నాయి.

రోజూ నాలుగింటికి సత్యవేణి మా వంటింట్లోకి వస్తుంది. దాని కత్తిపీట మా పొయ్యి పక్కనే ఉంటుంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఎండుచేప బాగుచేసుకుంటాం. అది తల తీస్తే నేను ముల్లు తీస్తాను. మా ఆయన చేపల మడుగుల నుంచి వచ్చేవేళకు పని, కబుర్లు రెండూ అయిపోతాయి. ఇవాళ నాలుగున్నర అయినా రాలేదు. తూరా తలుపు దగ్గర నిలబడితే లోపల మగ్గం చప్పుడు, దాని మధ్య సత్యవేణి నవ్వు వినిపించాయి.

పిలవలేదు. చేప ఒక్కదాన్నే బాగుచేసుకున్నాను.

కార్తీక బహుళ పంచమి

ఈ రోజుల్లో సూర్యుడు మధ్యాహ్నం కొండ వెనక నుంచి కాస్త ఎరుపు చూపించి వెళ్ళిపోతున్నాడు. కొన్నాళ్ళకు అదీ ఉండదు.

నాలుగింటికి సత్యవేణి వచ్చింది. వచ్చి కూర్చోలేదు. "కత్తిపీట తీసుకెళ్తానొదినా. తూరా ఇంట్లో కూచుని కోసుకుంటా. మీ ఇంట్లో ఏటోగాని వేళ్ళు కొంకర్లు పోతన్నాయి. నీకు చలెయ్యట్లేదా?"

"నాకేం చలి? బానే ఉంది," అన్నాను. అప్పటికి రెండు శాలువాలు కప్పుకుని ఉన్నాను.

"మరైతే మా ఇల్లేమో ఉడికిపోతంది. ఊపిరాడట్లేదు. కిటికీ తీసుకుంటే గాని..."

కిటికీ తీసుకుంటుందట! నేను వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ ఉంటే, ఆవిడగారు వేడిని బయట మంచుకి పోస్తోంది. కత్తిపీట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. పొయ్యి పక్కన అది ఉన్న చోటు నేల మీద తెల్లగా మచ్చ కనిపిస్తోంది. తుడిస్తే పోలేదు.

కార్తీక అమావాస్య

వేడి: సత్యవేణి ఇరవై ఆరు, తూరా ఇరవై, మేము పదమూడు.

ఇవాళ నాకు విషయం అర్థమైంది. పీత వచ్చినప్పుడు తూరా నడవలోకి వచ్చి, దాన్ని నిలిపి, కొంగులాంటి గుడ్డతో దాని గాజు కన్ను తుడిచింది. వీపు తట్టింది. ఏదో చెప్పింది. మెడలో గింజ ఆ మాటలు తెలుగు చెయ్యలేదు. పీత మధ్య రాయి మీద ఒక క్షణం నిలబడి, నేరుగా సత్యవేణి ఇంటి గొట్టం దగ్గరకు వెళ్ళి పెద్దగా తిప్పింది. తరవాత తూరా ఇంటిది. మా దగ్గరకొచ్చి నలక అంత తిప్పి పోయింది.

ఇక్కడ పుట్టిన మనిషికి ఇక్కడి యంత్రాలు ఎలా మాట వింటాయో తెలియదా! ముందు నా స్నేహితురాల్ని తీసుకుంది. ఇప్పుడు నా వేడి.

ఆయనతో అన్నాను. "యంత్రం లంచం తింటుందటే? అదీ కంటి తుడుపు లంచం?" అన్నారు, రెండు స్వెట్టర్ల మీద మూడోది తొడుక్కుంటూ.

మార్గశిర శుద్ధ చవితి

పోనీ అని నేనే వెళ్ళాను, ఇక్కడ దొరికే పుల్లటి లింగన్ పండ్ల పచ్చడి తీసుకుని. సత్యవేణి మగ్గం పక్కన పీట మీద కూర్చుని ఉంది. తూరా నేస్తున్న అంచులో మా నడవ గుర్తే కనిపించింది.

"దీని కథ చెప్పవే తూరా, ఒదిన కూడా వింటది," అంది సత్యవేణి. చెప్పవే! నాతో "నువ్వు" అనడానికి దానికి ఏడాది పట్టింది.

గింజ గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసి మొదలుపెట్టింది. "ఈ చిహ్నము ప్రాచీన శిలలపై గలదు. నేలకూలిన యోధుల చెంత, ఒంటికన్ను దేవుని చెంత. ఆ దేవుడు మనుజుల మనస్సులకు ముడివేయుననియు, వేసిన ముడి విప్పుననియు కొందరందురు. దీని అర్థమును ఎవరును లిఖించి ఉంచలేదు. హతుల ముడి అను నామము సైతము తరువాతి వారు పెట్టినది. ఆ నామము మా స్త్రీలు వస్త్రములందు నేయు వేరొక ముడి నుండి అరువు తెచ్చినదే."

"చచ్చినవాళ్ళ గుర్తు బతికున్నవాళ్ళ నడవలో ఎందుకట?" అన్నాను.

తూరా మగ్గం ఆపింది. "చలిపేటలో మొదటి శీతకాలమున ఎవరి పొయ్యి వారిదే. ఒక గృహమున పొయ్యి ఆరినది. మంచు కరుగు వరకు ఇరుగుపొరుగు ఎరుగరు. ఆ పిదప, ఒకరి వేడి లేక మరొకరికి వేడి లేనట్లుగా గొట్టములు వేసిరి. మూడింటిలో ఒకటి తీసినచో మిగిలిన రెండును విడిపోవును. అందులకే ఈ ముడి."

సత్యవేణి కళ్ళు తుడుచుకుంది. అదే కథ నాకెవరైనా మా వంటింట్లో చెప్పి ఉంటే నేనూ ఏడ్చేదాన్ని. అక్కడ ఏడవడం ఇష్టం లేక, పచ్చడి గిన్నె తెచ్చుకోవడానికి రేపు వస్తానని చెప్పి లేచాను.

వెళ్ళలేదు. గిన్నె వాళ్ళే కడిగి గుమ్మం దగ్గర పెట్టారు.

మార్గశిర శుద్ధ దశమి

వేడి: మేము పదకొండు. మిగతావాళ్ళవి రాయడం మానేశాను.

కమిటీకి అర్జీ పెట్టాను. మా ముడి విప్పమని.

ఆయన చదివి కళ్ళజోడు తీసేశారు. "ముడి విప్పితే మనకి పైవరసలో ఎక్కడో ఓ గది ఇస్తారు. ఒంటరి ఆడవాళ్ళని పెద్ద గదిలో పెడతారు. పీట్ మట్టిపెళ్ళలు కాల్చిన పొగ, నలభై మంది దగ్గులు. సత్యవేణి ఊపిరితిత్తులకి అది ఎన్నాళ్ళు ఆగుద్దో నీకు తెలీదా?"

తెలుసు. దాని మందు సీసాల మీద వేళలు రాసి అతికించింది నేనే.

"ఆ తూరానే చూసుకుంటుందిలెండి," అన్నాను.

మార్గశిర పౌర్ణమి

చిట్టాలో రాయకూడదు గాని, జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముడి విప్పడానికి ఒక పద్ధతి ఉంది. కావాలని అడిగినవాళ్ళే, కమిటీ పెద్ద ముందు, మిగతా ఇద్దరి ముందు, రాతి మీది తమ త్రిభుజాన్ని తమ చేత్తో తుడవాలి. కమిటీ పెద్ద వీరరాఘవులు గారు పదింటికి వచ్చారు. సత్యవేణి తన గుమ్మంలో, తూరా తన గుమ్మంలో నిలబడ్డారు. సత్యవేణికి అర్జీ సంగతి అప్పుడే తెలిసింది. ముఖం పాలిపోయింది.

"ఇంకోసారి ఆలోచించుకోమ్మా," అన్నారు రాఘవులు గారు. "ఒకటి తీస్తే మిగతా రెండూ నిలవవు."

"తెలుసండీ."

"సరే, నీది తుడువు."

నూనెలో ముంచిన గుడ్డ పట్టుకుని కూర్చున్నాను. మా గుమ్మం వైపు చూసే మూల దగ్గర గుడ్డ పెట్టాను. ఎక్కడిదాకా తుడవాలో చూసుకోవాలి కదా అని, ముందు వేలితో గీత వెంబడి వెళ్ళాను. మూల తిరిగింది, కిందికి దిగింది, మళ్ళీ మా వైపుకు రావాలి. రాలేదు. నేరుగా సత్యవేణి మూలలోకి వెళ్ళిపోయింది. పొరపాటు పడ్డాననుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి రెండోవైపు వెళ్ళాను. తూరా మూలలోకి పోయింది. నాది అనుకున్న త్రిభుజానికి మూడో వైపు ఎక్కడా లేదు.

"ఏమ్మా?" అన్నారు రాఘవులు గారు.

"నాది దొరకట్లేదండీ."

ఆయన మోకాళ్ళు పట్టుకుని వంగి చూశారు. చాలాసేపు చూశారు. "ఇది ఎవరు వేశారు?"

"నేనే."

"ముగ్గురూ కలిసి వెయ్యలేదూ?"

సత్యవేణి చెప్పింది. "చెయ్యి లేపకుండా వేసిందండి. మెలికల ముగ్గులా. అంతా ఒక్కటే గీత."

రాఘవులు గారు నెమ్మదిగా నేల మీద చతికిలబడ్డారు. "అమ్మా, ఇది ముడి గుర్తు కాదు. కొట్టు గుర్తు. పీతకి మన పేర్లు తెలీవు, మన భాషా తెలీదు. రాతి మీద గీత చూసి గొట్టాలు తిప్పుద్ది. మూడు విడివిడి త్రిభుజాలుంటే సమంగా పంచుద్ది. ఒకే గీతయితే సరుకుల కొట్ల వరస అనుకుంటది. కుంచె మొదట ఆనిన చోట రంగు చిక్కగా ఉంటది, అక్కడ చేపలు ఎండబెట్టే గది. మధ్యన ధాన్యం. చివరాఖర్న..."

మా గుమ్మం వైపు చూశారు.

"చివరాఖర్న ఏంటండీ?" అన్నారు మా ఆయన, మా గుమ్మంలోంచి.

"బంగాళాదుంపలు."

"అందుకా నాకు మొలకలొస్తున్నాయి!"

ఎవరూ నవ్వలేదు. ఒక్క క్షణం తరవాత గింజ ఆ మాటను తూరాకు చెప్పినట్టుంది, ఆవిడ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. మొదటి రోజు రాయి దగ్గర ఆగి ఆవిడ చెప్పబోయిందేమిటో అప్పుడు గుర్తొచ్చింది. మూడుగా నేసేవారు అంటున్నప్పుడే నేను పులుసు చల్లారిపోతోందన్నాను.

సత్యవేణి గుమ్మం దిగి వచ్చింది. "అంటే నేను ఎండుచేపనన్నమాట. మా ఇంట్లో ఊపిరాడక చస్తన్నాను. మీ ఇంటికొస్తే గడ్డకట్టేస్తంది. చలా అంటే, 'నాకేం చలి' అని శాలువాలోంచి చెప్తావు. ఇంక నేనెక్కడ కూచోను? తూరా ఇంట్లో కూచున్నాను!"

"నాకు తెలీదు సత్యవేణీ."

"అది తెలీదు, సరే. పెద్ద గది సంగతి నీకు తెలుసు కదొదినా. ఆ పొగ సంగతి తెలుసు." గొంతు సన్నగా అయిపోయింది. "నీ పేరు మాత్రం అనసూయ!"

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. రాఘవులు గారు అర్జీ మడిచి నా ఒళ్ళో పెట్టి, కర్ర వెతుక్కుని వెళ్ళారు.

మార్గశిర బహుళ విదియ

రెండు రోజులుగా మా తలుపు తట్టినవాళ్ళు లేరు. నేను సత్యవేణి తలుపు రెండుసార్లు తట్టాను. తియ్యలేదు. కిటికీ మాత్రం తీసే ఉంది.

ఇవాళ మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తూరా. మెడలో గింజ లేదు. చేతిలో కుంచె ఉంది. చాలా కష్టపడి, ఒక్కో మాటకు ఊపిరి పీల్చుకుంటూ, "ఒదినా. రా. గీత," అంది.

ఒదినా అన్న మాట ఆవిడకు సత్యవేణి నేర్పి ఉంటుంది. అది సత్యవేణి నన్ను పిలిచే పిలుపు. పంచుకోమని నేనెవరికీ చెప్పలేదు. అయినా వెళ్ళాను.

పాత గీతను నేనే తుడిచాను. రాయి ఖాళీ అయ్యాక సత్యవేణి తలుపు తీసుకుని వచ్చింది. నా వంక చూడలేదు. కుంచె తీసుకుని తన గుమ్మం వైపు త్రిభుజం వేసింది. చెయ్యి వణికి గీత అలలు తిరిగింది. తూరా తనది తాడు లాగినట్టు తిన్నగా వేసింది. నా వంతు వచ్చింది. ఒకరి గీత మీద నుంచి వెళ్ళాలి, ఇంకొకరి గీత కింద నుంచి వెళ్ళాలి. కింద నుంచి వెళ్ళే చోట చెయ్యి లేపి, వాళ్ళ గీత దాటాక మళ్ళీ ఆనించాలి. మొదటి చోట నా చెయ్యి లేవలేదు. కుంచె కొసన రంగు బొట్టు కట్టింది.

"లేపొదినా," అంది సత్యవేణి. "లేపితే ఎవరూ ఎత్తుకుపోరు."

లేపాను. మళ్ళీ ఆనించాను. త్రిభుజం నా దగ్గరకే వచ్చి ముగిసింది.

ఒకే గీతకు మొదలు ఉంటుంది, చివర ఉంటుంది. ఎవరిని మొదట పెట్టానో నాకు తెలుసు. చివర నేను ఉంటానని తెలియలేదు. ఇప్పుడు వేసినదానిలో ఎంత వెతికినా మొదటివాళ్ళు కనిపించడం లేదు. చూడటానికి మునుపటంత అందంగా లేదు. ఒక త్రిభుజం వంకర, ఒకటి మరీ బిర్రు, నాదానిలో రెండు అతుకులు.

"అర్జీ చింపేశాను," అన్నాను.

"చింపితే పోద్దా?" అంది. కుంచె తుడిచి పెడుతూ, "పోద్దిలే. కొన్నాళ్ళు పడద్ది," అంది.

మార్గశిర బహుళ షష్ఠి

పీత వచ్చింది. రాయి మీద నిలబడి, మూడు మూలలూ చూసుకుని, మూడు గొట్టాలూ తిప్పి పోయింది. తూరా కంటే ముందు నేనే వెళ్ళి దాని కన్ను తుడిచాను.

వేడి: సత్యవేణి ఇల్లు ఇరవై, తూరా ఇల్లు ఇరవై, మా ఇల్లు ఇరవై. ఆయన ఒక స్వెట్టరు విప్పారు.

నాలుగింటికి పొయ్యి ముందు కూర్చుని చూశాను. కత్తిపీట మా ఇంటికి రాలేదు. తూరా ఇంట్లోనూ లేదు. నడవలో చప్పుడైతే వెళ్ళి చూశాను. సత్యవేణి రాయి పక్కన కత్తిపీట వేసుకుని కూర్చుని ఉంది. తూరా చేప తలను ఏ వైపు నుంచి పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిప్పుతోంది.

"నిలబడ్డావేంటొదినా, ముల్లు ఎవరు తీత్తారు?" అంది సత్యవేణి.

కూర్చుని ముల్లు తీశాను. సత్యవేణి మాత్రం తూరాకు జానెడు దగ్గరగా, నాకు మూరెడు దూరంగా కూర్చుంది. చేప పట్టుకోవడం నేర్పడానికట. చూసి ఊరుకున్నాను.

రేపు మూడున్నరకే వెళ్ళి నా పీట వేసుకుంటాను.